పిడివాది

ఇంట్లో నాతో మాటలు మానేసిన తమ్ముడితో ఒక ఆన్‌లైన్ ఫోరంలో 'పిడివాది' అనే దొంగపేరుతో మూడేళ్లు వాదించాను. యంత్రాలు మనిషి తెలివిని తినేస్తాయని వాడు, తినవని నేను. నిజానికి నాకు ఏ పట్టింపూ లేదు. "బుర్ర అద్దెకిచ్చావా, పిడివాదీ?" అని వాడు వెక్కిరిస్తే ఆ రాత్రి నిద్ర పట్టేది. నేనెవరో చెప్పకముందే వాడు చనిపోయాడు.

నెల తర్వాత, ఒక రాత్రి, మా చివరి వాదన కింద రాశాను: "ఒప్పుకుంటున్నాను. నువ్వే గెలిచావు."

నేనే తాళం వేసిన వాడి గదిలోంచి కీబోర్డు చప్పుడు వినిపించింది. ఆలోచించి రాసేటప్పటిలాగే, ఆగి ఆగి. తర్వాత నిశ్శబ్దం.

తెర మీద వాడి పేరుతో జవాబు వచ్చింది.

"మా అక్క చచ్చినా ఓటమి ఒప్పుకోదు. తన దొంగపేరుతో రాస్తున్నావు, ఎవరు నువ్వు?"