వచ్చీసినాను

మధ్యాహ్నమైతే చాలు, బంటి గేటు మీదికి లేచి మొరగడం మొదలుపెట్టేది.

నరసన్నపేటలో ఆ వీధంతా కునుకు తీసే వేళ. మేడ మీద ఉండే ఇంటి ఓనరు జగన్నాధంగారికి ఆ కునుకు పడకపోతే ఇక చుట్టుపక్కల ఎవరికీ సుఖముండదు.

"సూడమ్మా హేమా, ఆదివారానికి కుక్కయినా పోవాల, మీరైనా పోవాల" అని తేల్చేశారాయన.

హేమ గుండె జారిపోయింది. రాజమండ్రి నుంచి కాపురానికొచ్చిన పిల్ల. భర్త పొద్దున్నే డ్యూటీకి పోతే చీకటి పడ్డాకే రావడం. కుక్క వచ్చాకే ఆ ఇంట్లో ఆమెకు ధైర్యం చిక్కింది.

బిస్కెట్లు పెట్టింది. కసిరింది. గేటుకు పాత దుప్పటి కట్టింది. పశువుల డాక్టరు చెప్పినట్టు పొద్దున్నే చాలాదూరం నడిపించింది. ఏం చేసినా ఆ వేళకు అరుపు అరుపే.

ఎండుచేపల మరిడమ్మ వచ్చిందంటే మరీను. ఆమె అమ్మేదీ అంతంతే. గేటు ముందు గంప దించుకుని, కుక్కను చూస్తూ కూర్చునేది.

ఆ రోజు హేమకు ఒళ్ళు మండింది.

"నీ గంప వాసనకే ఇది రెచ్చిపోతోంది. ఇంక ఈ వీధికి రాకు!"

మరిడమ్మ మొహం చిన్నబోయింది.

"నా వల్లేనేటమ్మా?"

"నీ వల్లే. మా కాపురం రోడ్డున పడేలా ఉంది."

మరిడమ్మ గంప ఎత్తుకుంది.

"ఒక్క మాట సెప్తానమ్మా. అది అరిసినప్పుడు 'వచ్చీసినాను' అను. ఊరుకుంటాది."

"తెలిసినదానివి, నువ్వే అనొచ్చు కదా!"

"నా నోట రాదమ్మా."

రోజూ పోతూ "వస్తానమ్మా" అనేది. ఆ రోజు అనలేదు.

మర్నాడు బంటి అరుపు లంకించుకోగానే హేమ సిగ్గుపడుతూనే అంది, "వచ్చేశాను."

లాభం లేదు.

చివరికి మరిడమ్మ అన్నట్టే గట్టిగా అంది.

"వచ్చీసినాను!"

బంటి టక్కున ఆగింది. తోకాడిస్తూ వీధి వైపు చూసింది. ఎవరూ రాకపోయేసరికి ఆమె కాళ్ళ దగ్గర చతికిలబడింది.

ఆదివారం గడిచింది. జగన్నాధంగారు హాయిగా గురక పెట్టారు.

హేమ మాత్రం మధ్యాహ్నాలు గేటు దగ్గర నిలబడి మరిడమ్మ కోసం ఎదురుచూసింది. తొందరపడి నోరు జారానని బాధపడింది. మరిడమ్మ రాలేదు.

కుక్కను తెచ్చిచ్చింది చేపల ఆటో చినబాబు. అతను అటుగా వస్తే అడిగింది.

"మరిడమ్మని ఒకామె, 'వచ్చీసినాను' అనమంది. ఆ మాట ఆమెకెలా తెలుసు?"

కుక్క తల నిమురుతున్న చినబాబు చెయ్యి ఆగిపోయింది.

"సేపలేటకెళ్ళిన మరిడమ్మ మొగుడు మజ్జేనం గుమ్మంలో కాలెడతా అనే మాటమ్మా అది. అది ఇన్నాకే ఈ కుక్క అరుపాపీది. మొన్న తుపానుకి పడవ రాలేదు. ఇది అరుపు మానలేదు. ఇనలేక ఎవులికైనా ఇచ్చీమన్నాది. మీ ఇల్లెక్కడని అడిగితే నేనే సెప్పినాను."

"మరి ఎండుచేపలు...?"

"మరిడమ్మ ఏనాడూ సేపలమ్మలేదమ్మా. దీన్ని సూడ్డానికే గంప నెత్తినెట్టుకొచ్చుంటాది."