యజమాని చెప్పులు

పెరట్లో గొలుసుకు కట్టేసిన కుక్క పేరు కర్రోడు. గిన్నెడు పెరుగన్నం తినేసి, తీరిగ్గా యజమాని చెప్పు నములుతున్నాడు.

"కడుపు నిండాక కూడా ఆ తోలెందుకు బావా?" అంది చుక్కలకోడి, పెంటకుప్ప గీకుతూనే.

"పొద్దు పోవద్దూ" అన్నాడు కర్రోడు.

"తిన్నది అరక్క వేషాలు. నాకెవరైనా కూర్చోబెట్టి పెడితే అక్కడినుంచి కదలను" అంది కోడి.

మర్నాడు పొద్దున్నే, తోటకూర మడి గీకేస్తోందని యజమానురాలు కోడిని గంప కింద మూసి, దోసెడు నూకలు పోసింది.

సాయంత్రం గంప ఎత్తేసరికి నూకలు సగం అలాగే ఉన్నాయి. కోడి తోకలో మాత్రం ఈకలు లేవు. తనే పీక్కుంది.

కర్రోడు రెండో చెప్పు కోడి వైపు నెట్టాడు.

కోడి పట్టీ దగ్గర పొడవడం మొదలుపెట్టింది.