కింది వరస నుంచి

బొమ్మ తెర మీదికి రాకుండానే ప్రోగ్రాం మళ్ళీ ఆగిపోయింది.

పత్రికాఫీసులో పాత ఫోటోల గది చూసుకునే అమ్మాయి తల పట్టుకుంది.

"నా వల్ల కాదు బాబాయ్. ఈ సి ప్రోగ్రామింగ్ భాషకి నా మీద పగ."

ఆఫీసు కంప్యూటర్లన్నీ చూసుకునేది ఆయనే కాబట్టి అందరూ ఆయన్ని బైట్ల బాబాయి అంటారు. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"పగా లేదు, పాడూ లేదు. ఏదీ, ఫైలెలా తెరిచావ్? అదిగో! బొమ్మని పట్టుకుని అక్షరాల ఫైలన్నావు. మొదట్లోనే ఏదో బైటుని చూసి, ఇక అయిపోయిందనుకుని ఆగిపోతోంది. అక్షరాలు కాదు, బైనరీ అని చెప్పు."

"ఇంతేనా! ఇన్నాళ్ళూ నా ప్రాణం తోడేసింది ఇదా?"

మరి ఆ ఫైలంటే ఆమెకి అంత ఆరాటం. తను పసిగుడ్డుగా ఉన్నప్పుడు ఇల్లంటుకుంటే, దారినపోయే మనిషెవరో మంటల్లోకి దూరి ఎత్తుకొచ్చాడు. పేరైనా చెప్పకుండా వెళ్ళిపోయాడు. ఆ గాభరాలో ముఖమైనా సరిగ్గా చూడలేదని అమ్మ ఇప్పటికీ బాధపడుతుంది. అప్పుడు పత్రికవాళ్ళు తీసిన ఫోటో ఈ ఆఫీసు డిస్కులోనే ఉంది. ఫైలు మొదట్లో కాస్త చెడిపోయి ఏ సాఫ్ట్‌వేరూ తెరవనంది. దాంతో పంతం పట్టి, తనే చదువుకుందామని సి నేర్చుకుంటోంది.

"ఆయనెవరో తెలిస్తే చాలు బాబాయ్. ఎక్కడున్నా వెళ్ళి వాలిపోతాను."

తలుపు దగ్గర ఎవరో దగ్గారు. నెరిసిన జుట్టు, భుజాన సంచి.

"అమ్మా, పాత ఫోటో ఒకటి చూద్దామని వచ్చాను. చాలా ఏళ్ళ కిందటిది. ఒక..."

"పాత ఫోటోలు తెరుచుకోవట్లేదండీ. తర్వాత రండి."

"ఊరొదిలి వెళ్ళిపోతున్నాను తల్లీ. బస్సుకి టైమయింది. ఒక్క నిమిషం..."

ఆమె గిర్రున తిరిగి ఆయన ముఖంలోకి విసుగ్గా చూసింది.

"అబ్బబ్బ, పనిలో ఉన్నానని చెప్తున్నానా?"

"సర్లే తల్లీ, పని చూసుకో." ఆయన నవ్వేసి మెట్లు దిగాడు.

"పాపం, ఏ ఫోటోనో అడగాల్సింది."

"అడిగితే కదలరు బాబాయ్. ఊళ్ళో కబుర్లన్నీ చెప్తారు."

బైనరీ అని మార్చి ప్రోగ్రాం నడిపింది. పాత కంప్యూటర్ తాపీగా ఒక్కో వరసే గీస్తోంది.

"ఇదేంటి, అడుగు నుంచి వస్తోంది?"

"ఈ రకం ఫైలంతే. కింది వరస ముందు, పై వరస చివర."

ముందు బూడిద పడ్డ నేల వచ్చింది. చెప్పుల్లేని కాళ్ళు, మసిపట్టిన ప్యాంటు. ఆ పైన దుప్పట్లో చుట్టిన పసిపాప, ఆ పాపని గుండెకదుముకున్న చేతులు.

"బాబాయ్, నేనే! అది నేనే!"

ఆమెకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

కింద రోడ్డు మీద బస్సు హారన్ కొట్టి బయల్దేరింది. ఎవరూ పట్టించుకోలేదు.

మెడ వచ్చింది. గడ్డం వచ్చింది. పెదవులు, కళ్ళు వచ్చాయి.

జుట్టొక్కటే నల్లగా ఉంది గానీ, ఆ ముఖం ఇందాక తను విసుక్కుని పంపేసిన మనిషిదే.