పాప చెప్పిన మాట

"ముందు స్కాన్ తీయించండి మేడం!" నుదుటి మీద బొప్పి కట్టిన ఆరేళ్ల కూతురిని ఒళ్లో పొదువుకుని గట్టిగా అన్నాడు శివరామకృష్ణ.

"చిన్నపిల్లలకి ఊరికే రేడియేషన్ ఇవ్వకూడదండి. ఎలా పడిందో సరిగ్గా చెప్తే అవసరమో కాదో తేలుతుంది," అంది పిల్లల డాక్టరు.

అతను పాప వంక చూశాడు.

"నేనే జారిపోయానండి," అంది పాప. "నాన్న బండి మీద ఫోన్ మాట్లాడలేదండి."

అప్పటిదాకా ఫోన్ మాట ఎవరూ ఎత్తలేదు. శివరామకృష్ణకి తల కొట్టేసినట్టయింది.

"మాట్లాడానండి," అన్నాడు. "బ్యారేజీ దగ్గర బండి ఆపుతుంటే పాప పక్కకి ఒరిగి పడింది."

డాక్టరు పాప కళ్లు, నడక మళ్లీ పరీక్షించింది. "స్కాన్ అక్కర్లేదు. సాయంత్రం దాకా ఇక్కడే కనిపెట్టుకుని ఉందాం."

గది దాటగానే పాప అతని చెవిలో అడిగింది. "నువ్వు నేర్పినట్టే చెప్పాను కదా నాన్నా, మరి నువ్వెందుకు చెప్పేశావు?"