ఇక్కడ నీకెవరున్నారు?

“తల కదపకు అమ్మాయ్. నావైపే చూడు.”

ఆ అమ్మాయి చూసింది. కళ్లజోళ్ల షాపాయన స్టూలు ముందుకు జరుపుకొని, పొట్టి స్కేలు ఆమె ముక్కు మీద ఆనించి, ఒక కంటిపాపకూ రెండోదానికీ మధ్య ఎంత ఎడముందో కొలిచాడు. ఆయన ఊపిరి ఆమె నుదుటికి తగిలింది. అంత దగ్గరగా ఆమె కళ్లలోకి చూసి స్కేలు తీసేశాడు.

“అద్దాలు బాగానే ఉన్నాయి. ఫ్రేమే వదులైంది.”

“చదువుతుంటే జారిపోతోందండీ.”

“ఒంటిచేత్తో లాగి తీస్తే జారక ఏం చేస్తుంది? కూర్చో, బిగించి ఇస్తాను.”

“తొందరేం లేదండీ.”

షాపులో ఇంకెవరూ లేరు. గోడల నిండా అద్దాల్లేని ఫ్రేములు. ఆమె సంచీ ఒళ్లో పెట్టుకొని, ఆయన చేతులు కదిలే తీరు చూస్తూ కూర్చుంది. జోడు లేకపోవడంతో అంతా కొంచెం మసగ్గా ఉంది.

“ఈ ఊరు కాదనుకుంటా?” అన్నాడాయన, మరమేకు తిప్పుతూ.

“కాదండీ. నది అవతల బిజినెస్ కాలేజీలో సీటొచ్చింది. డిగ్రీకి.”

ఆయన చెయ్యి ఆగింది. “అందులోనా! దాంట్లో సీటంటే మాటలా?”

“మా ఊరి పక్కన ఇంకోటుందండీ. అదీ అంత పేరున్నదే. అందులో కూడా వచ్చింది. ఏదో ఒకటి రేపు చెప్పెయ్యాలి.”

“బాగుంది. ఒకటి దొరక్క లోకమంతా ఏడుస్తుంటే, నీకు రెండు దొరికి ఏడుపా?”

ఆయన గట్టిగా నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఆయన నవ్వు ఆగిన తర్వాత కూడా ఒక క్షణం నవ్వుతూనే ఉంది.

“ఏంటి రెంటికీ తేడా?”

“ఇక్కడ పెద్ద పెద్ద కంపెనీలే నేరుగా వచ్చి ఉద్యోగాలిస్తాయి. అక్కడ చివరి ఏడాదంతా ఏదో ఒక చిన్న వ్యాపారంలో పనిచేయిస్తారు. సరుకు దించడం దగ్గర్నుంచి నేర్పిస్తారట.”

“ఇంటర్వ్యూలు చేసుంటారే. ఏమడిగారు?”

“రెండుచోట్లా అదే ప్రశ్న. బిజినెస్సే ఎందుకు చదవాలీ అని.”

“ఏం చెప్పావు?”

“ఇద్దరు కలిసి మొదలుపెట్టినదాన్ని ఒకరు మధ్యలో వదిలేసి వెళ్లిపోతే, మిగిలినవాళ్లు ఎలా నిలబెట్టుకోవాలో నేర్చుకోవడానికి అన్నాను.”

మరమేకు ఆయన వేళ్లలోంచి జారి బల్ల మీద పడింది. దాన్ని వెతికి తీయడానికి కాస్త సమయం పట్టింది.

“వెళ్లిపోయినవాడికీ ఏదో కారణం ఉండే ఉంటుందిలే” అన్నాడు.

“ఉండే ఉంటుందండీ.”

ఇంతలో ఆయన ఫోన్ మోగింది. తీయగానే ఆయన గొంతు మారిపోయింది. “చెప్పు చిట్టితల్లీ... ఆ, తెస్తాను... రంగు పెన్సిళ్లేగా? నిన్నే కదే కొన్నాం! అన్నీ చెక్కేశావా? సరే సరే, నువ్వు అన్నం తిన్నాకే ఇస్తా.” ఫోన్ పెట్టేసి తల ఊపాడు. “మా అమ్మాయి. ప్రాణం తోడేస్తుంది.”

“ఒక్కతేనా అండీ?”

“ఒక్కతే. ఒక్కతే వంద మంది పెట్టు!”

ఆ అమ్మాయి సంచీ పట్టీని వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్లీ చుట్టుకుంది.

“ఇంతకీ మీవాళ్లేమంటున్నారు?”

“అమ్మ నన్నే తేల్చుకోమంది.”

“మీ నాన్న?”

“ఇంకా ఏం చెప్పలేదండీ.” ఈసారి తనే అడిగింది. “నా చోట మీ అమ్మాయి ఉంటే మీరేం చెప్పేవారు?”

ఆయన దాన్ని తేలిగ్గా తీసుకోలేదు. పని ఆపి, చేతులు తుడుచుకొని ఆలోచించాడు.

“ఇక్కడ నీకెవరున్నారు?”

“ఉన్నారో లేదో ఇంకా తెలీదండీ.”

“అంటే లేనట్టేగా. ఊరు మంచిదే, కాదనను. కానీ నేనొచ్చిన కొత్తలో పలకరించే దిక్కు లేదమ్మా. ఆదివారం వచ్చిందంటే గోడలతో మాట్లాడుకునేవాణ్ని. జ్వరమొస్తే గుక్కెడు నీళ్లిచ్చేవాళ్లు లేరు. నీ వయసులో అంత ఒంటరితనం ఎందుకు? చదువు ఎక్కడైనా చదువే. అమ్మకి దగ్గరగా ఉండు. ఇక్కడికి రాకు.”

“రావద్దంటారా?”

“నా కూతురికైనా అదే చెప్తాను తల్లీ.”

ఆయన రెండు చేతులతో కళ్లజోడు ఆమె ముఖానికి పెట్టి, చెవుల మీద జుట్టు పక్కకు తప్పించి, సరిగ్గా కూర్చుందో లేదో చూశాడు.

“ఇప్పుడు బాగా కనిపిస్తోందా?”

“బాగా కనిపిస్తోందండీ” అంది, ఆయన ముఖం నుంచి చూపు తిప్పుకోకుండా.

డబ్బులు తీయబోతే వారించాడు. “ఇంత పనికి డబ్బులేంటమ్మా. బాగా చదువుకో, అది చాలు.”

ఆమె బయటికి వచ్చింది. సాయంత్రపు రద్దీలో అందరూ ఇళ్లకు పరుగెడుతున్నారు. రోడ్డు దాటి, బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుంది. పక్క సీటు ఖాళీగానే ఉంది. బస్సు కదిలాక ఇంటికి ఫోన్ చేసింది.

“అమ్మా, మన దగ్గరున్న కాలేజీలోనే చేరతాను.”

అమ్మ మెల్లగా అడిగింది.

“మీ నాన్న నిన్ను గుర్తుపట్టాడా?”