గాజుగ్లాసులో పదును

సింహాద్రి చెంపలకు నురగ పట్టిస్తుంటే భార్య నూకరత్నం అద్దం పట్టుకుని నిలబడింది. ఊళ్ళో మిగతా మగాళ్ళందరూ గడ్డం మొలవకుండా సూది వేయించుకుని ఏళ్ళయింది. ఇవాళ అతని వంతు. వేయించుకోకపోతే ఫ్యాక్టరీలో పని పోతుంది.

"ఆకరిసారి గదా మావా, ముక్కు తెగ్గోసుకునేవు!"

"నవ్వించకే, నిజంగానే తెగిపోద్ది."

తాతల నాటి రేజరు చరచరమంటూ నడిచింది. రోజు మొత్తంలో ఏ యంత్రమూ అతన్ని పలకరించని పది నిమిషాలవి. మొహం కడుక్కుని పటిక రాసుకున్నాడు.

"ఇదుగో సూది చీటీ. రేజరు అటకెక్కించెయ్యనా?"

సింహాద్రి బ్లేడు తీశాడు. కొత్తవి దొరకవు కనుక రోజూ మర్నాటి కోసం చేసినట్టే, గాజుగ్లాసు లోపల రుద్ది పదునుపెట్టి, మళ్ళీ రేజరులో బిగించాడు. ఆమె చేతిలోని చీటీ అందుకోకుండానే చెప్పులేసుకుని బయటికి నడిచాడు.