కుండ అడిగిన మనిషి

"ఇవాళ ఈ ఇంట్లో ఎవరికీ ఉప్పుగల్లు కూడా దొరకదు."

పొద్దున్నే గుమ్మంలో నిలబడి, వీధి వీధంతా వినబడేలా చెప్పింది బైనా.

ఎందుకు చెప్పిందో అమెరికాలో కరొలైనా తీరంలోని ఆ నల్లవాళ్ల ద్వీపంలో అందరికీ తెలుసు. ఆమె కూతురు మిండా జ్వరంతో మంచం పట్టింది. పడవ మీద పట్నం తీసుకెళ్లారు, డాక్టరు మాత్రలిచ్చాడు. అయినా పిల్ల ఒళ్లు పెనంలా కాలుతూనే ఉంది. ఇక చేతబడి కాక మరేమిటి?

అందుకే నిన్న వేళ్ల మందులిచ్చే టైటస్ తాతను పిలిపించింది. ఆయన పిల్ల తలగడ కింద ఒక వేరుముక్క పెట్టి, చేసినవాళ్ల పని చేసినవాళ్లకే తిప్పి పంపాడు. వెళ్తూ వెళ్తూ బైనా చెవిలో ఒక మాట చెప్పాడు.

"ఇది చేసిన మనిషి నీ గుమ్మంలోకొచ్చి ఏదో ఒకటి అడుగుద్ది. ఇచ్చావా, బతికిపోద్ది. ఇవ్వకపోతే దాని పని అయిపోయినట్టే."

"రానీ తాతా. దానికోసమే చూస్తున్నా."

ఎవరి కోసమో కూడా బైనా ఎప్పుడో తేల్చేసుకుంది. ఆమె మొగుడు ఎనక్‌కి ఇంతకుముందొక పెళ్లాం ఉండేది. పేరు రోసీనా, ఉండేది అవతలి ద్వీపంలో. ఎనక్ బైనా మోజులో పడి ఆమెను వదిలేశాడు. బైనా ఆమె మొహం ఏనాడూ చూడలేదు. చూడకపోతేనేం, తనకు కడుపుకోత పెట్టాలనుకునేది అదొక్కతే. అది కళ్లముందు గిలగిల్లాడి చావాలని రాత్రంతా కూర్చుని కోరుకుంది.

ఆ మాటే అత్త హేగర్‌తోనూ అంది. అత్త చుట్టాలను చూసొస్తానని తెల్లారకముందే పడవెక్కింది. ఎనక్ రొయ్యల వేటకి వెళ్లి సముద్రం మీదున్నాడు.

మధ్యాహ్నం పడవ వచ్చిన కాసేపటికి, ఎవరో ఆడమనిషి వాకిట్లో నిలబడింది. తలకు తెల్లగుడ్డ, చంకలో సంచీ. ద్వీపంలో ఎన్నడూ చూసిన మొహం కాదు.

"అమ్మా, ఒక కుండ ఇస్తావా? నువ్వే తెచ్చివ్వాలి, నీ చేత్తో."

బైనాకి ఒళ్లు ఝల్లుమంది. భయంతో కాదు, సంతోషంతో. తాత ఎంత నిజం చెప్పాడు! కుండ కావాలట. పైగా తన చేత్తోనే ఇవ్వాలట.

"ఇవ్వను."

"అది కాదమ్మా, పిల్లకి..."

"నా పిల్ల మాటెత్తావంటే నాలుక కోస్తా. వచ్చావుగా, బాగా చూసుకో, బతికే ఉంది. పోయేది నువ్వు. దారిలోనే పోతావు. గుక్కెడు నీళ్లు పోసే దిక్కు లేకుండా పోతావు."

ఆ మనిషి ఎదురు తిట్టలేదు. తలుపు సందులోంచి మంచం వైపు కాసేపు చూసింది.

"ఇంటామె వద్దన్నాక నేను గడప దాటకూడదు," అని వెనక్కి తిరిగింది.

బైనా అంతటితో వదల్లేదు. చీపురు తీసి ఆమె అడుగుజాడలన్నీ రేవు దాకా ఊడ్చింది, వాటి మీద ఉప్పు చల్లింది. అలా ఊడ్పించుకున్న మనిషి ఎవరు పిలిచినా మళ్లీ ఆ వాకిలి తొక్కదని అక్కడ పుట్టిన ప్రతివాళ్లకీ తెలుసు. పడవ కదిలేదాకా అక్కడే నిలబడింది. ఆ మనిషి పడవలో ఒక మూల తల వంచుకుని కూర్చోవడం కళ్లారా చూసి, కడుపు నిండినట్టయి ఇంటికొచ్చింది.

"అయిపోయిందే తల్లీ, దాని పీడ వదిలింది," అంటూ పిల్ల పక్కన కూర్చుని చాలా రోజుల తర్వాత నవ్వింది.

పిల్ల ఒళ్లు మాత్రం కాలుతూనే ఉంది.

ఇంతలో అత్త వచ్చింది. ఆమె కూడా ఆ మధ్యాహ్నం పడవే దిగి నేరుగా సమాధుల దగ్గరికి వెళ్లింది. పెద్దలకు నీళ్లు పోసి, ఇంటికి వైద్యం వస్తోంది, మీరూ ఒక చెయ్యి వెయ్యండి అని చెప్పుకుని వచ్చింది.

"పొయ్యి వెలిగించలేదేమే? ఆవిడేదీ?"

"ఎవరత్తా?"

"మందు కాచే ఆవిడ. ఈ జ్వరాన్ని దించడం ఈ తీరం మొత్తం మీద వాళ్లింటి ఆడవాళ్లకే తెలుసు. వరిచేలల్లో బానిసలుగా చచ్చిన మన పెద్దలు తిన్న కుండలో, ఈ ఇంటి పొయ్యి మీదే కాయాలి. దాన్ని పిల్ల తల్లే తన చేత్తో ఇవ్వాలి. అందుకే నిన్నడగమని ముందు పంపించా."

తరిమేశానని బైనా చెప్పేసింది. చెప్పాక ఏడుపు ఆగలేదు.

"ఒక్క మాట ముందే చెప్తే ఏం పోయేది అత్తా?"

"చెప్తే గుమ్మం తొక్కనిచ్చేదానివా?"

"నా పిల్ల కోసం దెయ్యాన్నైనా తొక్కనిస్తా. ఆవిడెవరో చెప్పు. ఇప్పుడే పోయి కాళ్ల మీద పడతా."

హేగర్ వాకిట్లోకి చూసింది. మెట్ల దగ్గర్నుంచి రేవు దారి దాకా ఉప్పు తెల్లగా పరుచుకుని ఉంది. ఇక పరుగెత్తి లాభం లేదు. ఆమె అక్కడే మెట్టు మీద కూలబడింది.

"నేను అడిగీ అడగ్గానే, ఎనక్ బిడ్డ నాకు మాత్రం బిడ్డ కాదా అత్తా అంటూ సంచీ సర్దుకుని వచ్చింది, రోసీనా."